క్వేకర్లతో కలిసి కూర్చోవడం, పనిచేయడం: మొదటి ఆదివారం నుంచి శాంతి పని దాకా

ఇంగ్లండుకి చదువుకోవడానికి వచ్చిన మనవాళ్ల పిల్లలు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతుంటారు. "అక్కా, క్వేకర్లు శాంతి కోసం పనిచేస్తారట కదా, వాళ్ల దగ్గర వాలంటీరుగా చేరాలంటే సీవీ ఎవరికి పంపాలి?" సీవీ పంపాల్సిన చోట్లు ఉన్నాయి, అవీ చెప్తాను. కానీ ముందు ఒక ఆదివారం వెళ్లి వాళ్లతో గంటసేపు ఊరికే కూర్చుని రమ్మంటాను. జైళ్లలో చేసే పనైనా, ఐక్యరాజ్యసమితి దగ్గర చేసే పనైనా వాళ్లు ఆ గంటలో అలవాటైన దాంతోనే చేస్తారు. అదేమిటంటే, ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా వినడం. అది పట్టుబడకపోతే తక్కిన పనులన్నీ పైపైనే ఉండిపోతాయి. అందుకే ఇక్కడ కూడా ఆ వరసలోనే చెప్తున్నాను.

వాళ్లెవరో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు అంతర్యుద్ధంలో నలిగిపోతున్న రోజుల్లో జార్జ్ ఫాక్స్ అనే కుర్రాడు, దేవుడికీ మనిషికీ మధ్య పూజారి అక్కర్లేదనీ, ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందనీ చెప్పుకుంటూ ఊరూరా తిరిగాడు. 1652లో ఉత్తర ఇంగ్లండులో ఆయన చుట్టూ జనం చేరారు. తమని తాము 'ఫ్రెండ్స్' అని పిలుచుకున్నారు. 'క్వేకర్' అంటే వణికేవాడు. 1650లో డార్బీలో ఒక న్యాయాధికారి ఫాక్స్‌ని ఎగతాళి చేస్తూ అన్న మాట అది. వాళ్లు దాన్ని కాదనలేదు, అదే పేరుగా నిలిచిపోయింది.

ముందు ఏ రకం సభో చూసుకోండి

ప్రపంచం మొత్తం మీద క్వేకర్లు సుమారు 4 లక్షల మంది. అందరికంటే ఎక్కువమంది ఉన్నది కెన్యాలో. అక్కడ పాస్టరు, పాటలు, ప్రసంగం అన్నీ ఉంటాయి, మనవైపు చర్చికి వెళ్లేవాళ్లకి అది కొత్తగా అనిపించదు. బ్రిటన్‌లో మాత్రం దాదాపు అన్నీ మౌన సభలే. అమెరికాలో రెండు రకాలూ ఉన్నాయి, 'అన్‌ప్రోగ్రామ్డ్' అని రాసి ఉంటే అది మౌన సభ అన్నమాట. నేను చెప్పబోయేది మౌన సభ గురించి.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు బ్రిటన్ క్వేకర్ల వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లోని సభలు కనిపిస్తాయి. ఎక్కువచోట్ల ఆదివారం ఉదయం పదిన్నరకి. గోపురం కోసమో శిలువ కోసమో వెతక్కండి, దాటిపోతారు. మీటింగ్ హౌస్ మామూలు ఇల్లులాగే ఉంటుంది. లండన్‌లో యూస్టన్ స్టేషన్ ఎదురుగా ఉన్న ఫ్రెండ్స్ హౌస్ మాత్రం పెద్దది, వాళ్ల జాతీయ కార్యాలయం అదే. అందులో కఫే ఉంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మొదటిసారికి అదే సులువని కొందరంటారు గానీ, పదిహేను ఇరవై మంది ఉండే చిన్న సభకే వెళ్లమని నా సలహా. చిన్నచోట మనిషి కంటికి ఆనతాడు.

"మేము హిందువులం, వెళ్లొచ్చా?" అని అడుగుతారు. వెళ్లొచ్చు. ముస్లిములైనా, ఏ నమ్మకమూ లేనివాళ్లైనా వెళ్లొచ్చు. క్రైస్తవంలోంచి పుట్టిన మార్గమే ఇది, దాన్ని వాళ్లు దాచరు. కానీ తలుపు దగ్గర మీ మతం ఎవరూ అడగరు, మారమని తర్వాతైనా ఎవరూ వెంటపడరు. కానుక పళ్లెం తిప్పడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

ఆ గంటలో ఏం చేయాలి

పది నిమిషాలు ముందుగా వెళ్లండి. గుమ్మం దగ్గర ఒకరు నిలబడి కరచాలనం చేసి లోపలికి రమ్మంటారు. కుర్చీలు గుండ్రంగానో చతురస్రంగానో వేసి ఉంటాయి, మధ్యలో బల్ల, దాని మీద పూలు, కొన్ని పుస్తకాలు. వేదిక ఉండదు, ముందు వరస అని కూడా ఉండదు. ఎక్కడైనా కూర్చోండి. ఫోను పూర్తిగా ఆపేయండి. మొదట ఒకరు వచ్చి కూర్చోగానే సభ మొదలైనట్టే, ఎవరూ గంట కొట్టరు.

కళ్లు మూసుకోవాలా, ఊపిరి గమనించాలా, జపం చేయాలా అంటే ఏ నియమమూ లేదు. మొదటి పావుగంట మనసు కూరగాయల లెక్క నుంచి ప్రాజెక్టు గడువు దాకా పరిగెడుతుంది. పరిగెత్తనివ్వండి. బల్ల మీదున్న 'అడ్వైసెస్ అండ్ క్వెరీస్' అనే చిన్న పుస్తకం తీసి ఒక పేజీ చదువుకోవచ్చు. అందులో 42 చిన్న భాగాలున్నాయి. చాలావాటిలో ఆజ్ఞల కంటే ప్రశ్నలే ఎక్కువ. ఒకటి చదివి మూసేసి, దాన్ని మనసులో పెట్టుకుని కూర్చోవడం నాకు బాగా పనికొచ్చింది.

మధ్యలో ఎవరో ఒకరు లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడి కూర్చోవచ్చు. ఎవరూ మాట్లాడకుండానే గంట గడిచిపోవచ్చు కూడా. మాట్లాడితే వినండి, సమాధానం చెప్పకండి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఒక సభలో ఒక పెద్దాయన భారతదేశం గురించి ఏదో పొరపాటుగా చెప్పారు. ఆయన కూర్చునేలోపే నేను లేచి దిద్దాను. సభ అయ్యాక టీ పోస్తూ ఒకావిడ నెమ్మదిగా అంది: "నువ్వు చెప్పింది నిజమే. కానీ అది ఇక్కడ కెటిల్ పక్కన చెప్పాల్సిన మాట." ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ మధ్య చాలా నిమిషాల మౌనం వదులుతారు, ముందు చెప్పిన మాట అందరిలోకి దిగాలని. వాదన మొదలైతే ఆ చోటు పోతుంది.

మీకే మాట్లాడాలనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నా ఒక్కరికా, అందరికా? ఇవాళే చెప్పాలా? తక్కువ మాటల్లో చెప్పగలనా? మూడింటికీ జవాబు వచ్చాక కూడా లోపల నిలవనీయకపోతే అప్పుడు లేవండి. ఇంగ్లీషు తడబడినా పర్వాలేదు. తెలుగులో నాలుగు మాటలు చెప్పి అర్థం చెప్పినా ఆనందంగా వింటారు.

గంట అవగానే పక్కపక్కవాళ్లు చేతులు కలుపుతారు. సభ ముగిసింది.

టీ, కప్పులు, పేర్లు

ఇక్కడ ఆగకుండా వెళ్లిపోయేవాళ్లకి క్వేకర్ల గురించి సగమే తెలుస్తుంది. టీకి ఆగండి.

మనకి ఇబ్బంది పెట్టేది పిలుపు. ఎనభై ఏళ్ల ముసలమ్మని ఒట్టి పేరుతో పిలవాలి. మిస్టర్, మిసెస్, డాక్టర్, సర్ ఏమీ ఉండవు. దీని వెనక పెద్ద కథ ఉంది, మన భాషవాళ్లకి అది ఇట్టే అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఇంగ్లీషులోనూ 'నువ్వు', 'మీరు' వేరువేరుగా ఉండేవి. పనివాణ్ణి నువ్వు అనాలి, దొరని మీరు అనాలి. క్వేకర్లు న్యాయమూర్తి ఎదుట నిలబడి కూడా 'నువ్వు' అన్నారు, టోపీ తియ్యలేదు. దేవుడి ముందు అందరూ ఒకటే అయినప్పుడు మాటలో ఎక్కువ తక్కువలెందుకన్నది వాళ్ల పట్టు. అందుకు జైళ్లకి వెళ్లారు. ఒక ఊళ్లో కులాన్ని బట్టి, భూమిని బట్టి ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఆ 'నువ్వు' ఎంత ధైర్యమో నాకు తెలుసు. అయినా పేరు పెట్టి పిలవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మీకు నోరు రాకపోతే నవ్వి "హలో" అనండి చాలు.

టీ అయ్యాక కప్పులు కడగండి. అక్కడ గోడకి ఒక రోటా, అంటే పనుల వంతుల పట్టిక ఉంటుంది, దాని మీద మీ పేరు రాయండి. పూజారి లేని చోట కుర్చీలు వేయడం, పూలు పెట్టడం, లెక్కలు రాయడం, జబ్బుపడినవాళ్లని చూసి రావడం అన్నీ మనుషులే పంచుకోవాలి. సేవ చేయాలని వచ్చిన కుర్రాళ్లు ఈ పనిని సేవ కింద లెక్క వేయరు. నేను మాత్రం వేస్తాను. మూడు నెలలు కప్పులు కడిగిన మనిషికి ఎవరింట్లో ఏ కష్టం ఉందో, ఏ శరణార్థి కుటుంబానికి ఏం కావాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బయట చేయాల్సిన పని కూడా అక్కడే దొరుకుతుంది.

ఓటు లేని సమావేశం

కొన్నాళ్లయ్యాక వాళ్ల పనుల సమావేశానికి వెళ్లండి. సభ్యులు కానివాళ్లు ముందుగా క్లర్క్‌ని, అంటే సమావేశం నడిపే మనిషిని అడగాలి, సాధారణంగా రమ్మంటారు. అందులో ఓటింగు ఉండదు. మౌనంతో మొదలవుతుంది. మాట్లాడదలచుకున్నవాళ్లు లేచి నిలబడతారు, క్లర్క్ పిలిచాకే మాట్లాడతారు, అదీ క్లర్క్‌ని ఉద్దేశించే. ఒక విషయం మీద ఒకసారి మాట్లాడితే చాలనుకుంటారు. అందరి మాటల్లోంచి సభ ఎటు మొగ్గుతోందో క్లర్క్ పట్టుకుని అక్కడికక్కడే మినిట్, అంటే తీర్మానం రాసి చదువుతారు. సరిగ్గా ఉందనుకుంటే బ్రిటన్‌లో "హోప్ సో" అంటారు, అమెరికాలో "అప్రూవ్" అంటారు. ఒక్కరికి మనసొప్పకపోయినా ఆగుతారు, మళ్లీ మౌనం.

మన అపార్ట్‌మెంట్ సంఘం సమావేశాలు చూసినవాళ్లకి ఇది కలలా ఉంటుంది. కానీ ఈ పద్ధతికి చెల్లించిన మూల్యమూ తెలుసుకోవాలి. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు బానిసత్వం తప్పని రాసిచ్చారు. అప్పటికి క్వేకర్లలోనే బానిసల యజమానులు ఉన్నారు. ఆ ప్రాంతపు క్వేకర్లందరికీ పెద్ద సభ అయిన ఫిలడెల్ఫియా వార్షిక సభ తన సభ్యులు బానిసల్ని ఉంచుకోకూడదని ఖాయంగా తేల్చింది 1776లో. 88 ఏళ్లు. ఆ ఏళ్లన్నీ ఎవరో ఒకరి వీపు మీద గడిచాయి. అందరూ ఒప్పుకునేదాకా ఆగుదాం అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ లెక్క గుర్తొస్తుంది. మీరూ గుర్తుపెట్టుకోండి, అవసరమైతే లేచి చెప్పండి.

సేవకి ఎక్కడెక్కడ చోటుంది

ముందు వీసా మాట. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఒక తేడా తెలుసుకోవాలి. ఇష్టమున్నప్పుడు వెళ్లి చేసే సాయం వేరు, జీతం లేకపోయినా గంటలూ బాధ్యతలూ ఒప్పందంగా ఉండే పని వేరు. రెండోది మీ పని గంటల పరిమితిలోకి వస్తుంది. ఒప్పుకునే ముందు మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. అమెరికాలో ఉన్నవాళ్లూ ముందు అడగండి. పిల్లలతోనో వృద్ధులతోనో చేసే పనికి ఇంగ్లండు, వేల్స్‌లలో సాధారణంగా డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ అడుగుతారు. దానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ముందే మొదలుపెట్టండి.

కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది 'ఆల్టర్నేటివ్స్ టు వయొలెన్స్', అందరూ ఏవీపీ అంటారు. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్ హేవెన్ జైలులో ఖైదీలే కొందరు, కుర్రాళ్లు తమలా కాకుండా ఉండాలంటే ఏం నేర్పాలో సాయపడమని క్వేకర్లని అడిగారు. అలా పుట్టింది. ఇప్పుడు చాలా దేశాల్లో జైళ్లలోనూ బయటా నడుస్తోంది. రెండు మూడు రోజుల మొదటి శిబిరం, తర్వాత రెండోది, ఆపైన నడిపించేవాళ్లకి శిక్షణ. మొదటి శిబిరంలో ఎవరైనా చేరవచ్చు. ఉపన్యాసాలుండవు. మొదటి ఆటలోనే మీ పేరు ముందు అదే అక్షరంతో మొదలయ్యే మంచి విశేషణం ఒకటి తగిలించుకోవాలి, 'నిదానం నాగమణి' అన్నట్టు. ఆ తర్వాత అందరూ మిమ్మల్ని అలాగే పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఏమవుతుంది, ఎదుటివాళ్లు ఏమన్నారు, మనం ఏం విన్నాం అన్నవి జంటలుగా కూర్చుని చేసి చూస్తారు. ఇంట్లో గొడవలకి కూడా పనికొచ్చే చదువు ఇది.

పూర్తికాలం పనిచేయాలనుకునేవాళ్లు అమెరికాలో క్వేకర్ వాలంటరీ సర్వీస్ చూడొచ్చు. 2012లో అట్లాంటాలో మొదలైంది. యువతీయువకులు పదకొండు నెలలు ఒకే ఇంట్లో కలిసి ఉంటూ, పగలు ఏదో ఒక సేవాసంస్థలో పనిచేస్తారు. ఇంటి ఖర్చు, వంట, గొడవ అన్నీ ఉమ్మడి. ఇది అక్కడ పనిచేసే హక్కు ఉన్నవాళ్లకే కుదురుతుంది, అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకి బాగా సరిపోతుంది.

సీవీ పంపాల్సిన చోటు అడిగారు కదా. జెనీవాలోనూ న్యూయార్క్‌లోనూ క్వేకర్ల ఐక్యరాజ్యసమితి కార్యాలయాలున్నాయి. కొత్తగా చదువు పూర్తిచేసినవాళ్లని ఏడాదిపాటు సహాయకులుగా తీసుకుంటారు, పోటీ గట్టిగా ఉంటుంది. అక్కడి పని బయటికి కనపడదు. బహిరంగంగా ఎదురుపడలేని దేశాల ప్రతినిధుల్ని భోజనానికి పిలిచి, ఎవరు ఏమన్నారో బయటికి పొక్కకుండా మాట్లాడుకోనిస్తారు. దరఖాస్తులో మీరు ఎన్ని ఊరేగింపుల్లో నడిచారో రాయడం కంటే, రెండు పక్షాలూ మాట్లాడుకోని చోట మీరేం చేశారో ఒక సంఘటన రాయండి.

వాషింగ్టన్‌లో 1943 నుంచి ఎఫ్‌సీఎన్‌ఎల్ (ఫ్రెండ్స్ కమిటీ ఆన్ నేషనల్ లెజిస్లేషన్) అనే క్వేకర్ల సంస్థ ఉంది. మామూలు మనుషులకి తమ కాంగ్రెస్ సభ్యుణ్ణి కలిసి మాట్లాడడం నేర్పుతుంది, క్వేకర్లే కానక్కర్లేదు. నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఆయన చేసిన ఒక మంచిపనికి ముందు కృతజ్ఞత చెప్పండి. మీ సొంత అనుభవం ఒకటి చెప్పండి. అడగాల్సింది ఒక్కటే అడగండి. పది విషయాలు పట్టుకెళ్తే పదీ పోతాయి.

శాంతి పని అంటే ఏ పక్షమూ లేకపోవడమా?

కాదు. 1661లో క్వేకర్లు ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కి, ఏ కారణానికైనా ఏ ఆయుధమూ పట్టమని రాసిచ్చారు. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ వచ్చిన 1916లో ఆ మాట కోసం చాలామంది జైలుకెళ్లారు. మరికొందరు ఆయుధం లేకుండా ఫ్రెండ్స్ ఆంబులెన్స్ యూనిట్‌లో గాయపడ్డవాళ్లని మోశారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఓడిపోయిన జర్మనీలో ఆకలితో ఉన్న పిల్లలకి అన్నం పెట్టారు. ఒక దశలో రోజుకి దాదాపు 10 లక్షల మంది పిల్లలు. శత్రువు పిల్లలకా అని సొంత దేశంవాళ్లే తిట్టిన రోజులవి. 1947లో నోబెల్ శాంతి బహుమతి ఇద్దరు మనుషులకి కాక రెండు క్వేకర్ సేవాసంస్థలకి వచ్చింది, ఒకటి లండన్‌ది, ఒకటి ఫిలడెల్ఫియాది.

ఆ ఏడాదే ఆగస్టు 15న గాంధీ కలకత్తాలో బేలియాఘాటాలో ఉంటే పక్కన హోరేస్ అలెగ్జాండర్ అనే ఇంగ్లీషు క్వేకర్ ఉన్నారు. ఆయనా, ఆగథా హారిసన్ అనే ఆవిడా 1931 నుంచి లండన్‌లో గాంధీ మాటని ఇంగ్లీషు మంత్రులకి, వాళ్ల మాటని గాంధీకి చేరవేస్తూ వచ్చారు. భారత స్వాతంత్ర్యం పక్షాన నిలబడుతూనే అవతలివాళ్లతో మాట ఆగకుండా చూశారు. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో వినోబా భూదానం మొదలుపెట్టారు కదా, ఆ తర్వాతి పాదయాత్రల్లో ఆయనతో నడిచినవాళ్లలో హోషంగాబాద్ దగ్గర రసూలియాలో పనిచేసిన డోనాల్డ్ గ్రూమ్ అనే క్వేకరూ ఉన్నారు.

మీరు చేయాల్సింది చిన్నదే. మీకు గట్టి అభిప్రాయమున్న ఒక గొడవ తీసుకోండి, అది దేశాలదైనా, ఊరిదైనా, అన్నదమ్ముల పంపకాలదైనా సరే. అవతలి పక్షం మనిషి దగ్గరికెళ్లి, ఆయన వాదన ఆయనే "అవును, నేనన్నది ఇదే" అనేలా తిరిగి చెప్పగలరేమో చూడండి. ఒప్పుకోనక్కర్లేదు. ఇది రాకముందే మధ్యవర్తిత్వానికి దిగితే కాలుపెట్టిన చోటల్లా మంట పెరుగుతుంది.

ఇంటికి తెచ్చుకోదగ్గ పద్ధతి ఒకటి

క్వేకర్ల దగ్గర నేను నేర్చుకున్నవాటిలో మనవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది 'క్లియర్‌నెస్ కమిటీ'. మొదట పెళ్లికీ సభ్యత్వానికీ వాడేవారు. ఇప్పుడు ఉద్యోగం మానాలా, ఇండియా వెళ్లిపోవాలా లాంటి పెద్ద నిర్ణయాలకి కూడా వాడతారు. మనింట్లో ఇలాంటి ప్రశ్న వస్తే మావయ్య నుంచి ఎదురింటివాళ్ల దాకా అందరూ సలహా ఇస్తారు. ఇక్కడ సలహా నిషిద్ధం.

ఎలా చేయాలంటే: మీరు నమ్మే నలుగురైదుగురిని పిలవండి, అందరూ ఒకే ఇంటివాళ్లు కాకుండా. మీ సమస్యని ఒక పేజీ రాసి ముందే పంపండి. రెండు గంటలు కేటాయించండి. ఒకరు సమయం చూస్తారు, ఒకరు ప్రశ్నలూ జవాబులూ రాస్తారు. కాసేపు మౌనం, తర్వాత మీరు పది నిమిషాలు చెప్తారు. అక్కణ్ణుంచి వాళ్లు ప్రశ్నలు మాత్రమే అడగాలి, అదీ జవాబు తమకి ముందే తెలియని ప్రశ్నలు. "నువ్వు కెనడా ఎందుకు ట్రై చెయ్యకూడదు?" అన్నది ప్రశ్న వేషంలో ఉన్న సలహా, కుదరదు. "ఈ ఉద్యోగంలో ఏ రోజు హాయిగా నిద్రపోయావు?" అన్నది ప్రశ్న. జవాబు చెప్పకూడదనిపిస్తే మీరు చెప్పక్కర్లేదు. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య మౌనం ఉండనివ్వండి, తొందరపడి నింపకండి. ఏడిస్తే టిష్యూ అందించండి, ఓదార్చడం మొదలుపెట్టకండి. ఆఖరి పావుగంటలో తాము విన్నది అద్దంలా తిరిగి చెప్పొచ్చు, మీరు సరేనంటేనే. బయటికెళ్లాక ఆ విషయం ఎవరూ ఎత్తకూడదు, మీతో కూడా, మీరే ఎత్తేదాకా.

మా అమ్మ ఇక్కడికొచ్చి ఉన్నప్పుడు ఒకసారి ఇలా కూర్చోబెట్టాం, ఊళ్లో ఇల్లు అమ్మాలా వద్దా అని. గంటన్నరపాటు ఎవరూ ఆవిడకి ఏమీ చెప్పలేదు. "ఇంతమంది నన్ను ఇంతసేపు అడగడం ఇదే మొదటిసారి" అంది. ఇల్లు అమ్మలేదు.

హైదరాబాదులోనో, విజయవాడలోనో ఉన్నవాళ్లు

దగ్గర్లో మౌన సభ దొరక్కపోతే వుడ్‌బ్రుక్ ఆన్‌లైన్ సభలు చూడండి. బర్మింగ్‌హామ్‌లో 1903లో మొదలైన క్వేకర్ విద్యాకేంద్రం అది. 1931లో గాంధీ అక్కడికి వెళ్లారు. ఇప్పుడు ఆ పాత భవనంలో లేదు, ఎక్కువ పని ఆన్‌లైన్‌లోనే. మన సాయంత్రం వేళకి కుదిరే సభ ఏదో టైమ్ టేబుల్‌లో చూసుకుని, కెమెరా ఆన్ చేసి, మైకు ఆపి కూర్చోండి.

లేదా ఇంట్లోనే మొదలుపెట్టండి. ముగ్గురు చాలు. ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరక ముందు, కుర్చీలు ఎదురెదురుగా వేయండి, ఒకటి ఖాళీగా ఉంచండి, ఎవరైనా వస్తారేమో. మొదటిసారి ఇరవై నిమిషాలు పెట్టుకోండి, నెలకి కాస్త పెంచండి. ఫోన్లు వేరే గదిలో. కుక్కర్ కూస్తే కూయనివ్వండి. అయ్యాక చేతులు కలిపి, టీ పెట్టుకుని, ఈ వారం మన వీధిలో ఎవరిని చూసి రావాలో మాట్లాడుకుని, ఆ పేరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.